కోటుకి చెప్పిన క్షమాపణ

తన తల్లి చెంపదెబ్బ తినే సీను టీవీలో ఎప్పుడు వచ్చినా ఎడిటర్ లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సులో వేస్తే కిటికీ వైపు తిరిగిపోయేది. హోటల్లో వేస్తే ప్లేటులోది ప్లేటులోనే వదిలేసి బయటపడేది.

పెద్ద సీనేం కాదది. ఒక బంగళా, అందులో గొప్పలకి పోయే ఒక యజమాని, అతని దగ్గర పనిచేసే లావుపాటి ఆడమనిషి. ఆమె చేతిలో ట్రే జారి కాఫీ వెళ్ళి అతని బూట్ల మీద పడుతుంది. అతను లాగిపెట్టి ఒక్కటిస్తాడు. చెంప ఛెళ్ళుమంటుంది. సినిమా హాల్లో జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు.

ఆ సినిమా తర్వాత యజమాని వేషం వేసిన నటుణ్ణి అందరూ 'దొర' అని పిలవడం మొదలుపెట్టారు. పనిమనిషి వేషం వేసినావిడకి 'పీపా' అని పేరు పడింది. దొర అన్న పేరు మీద ఆయన కార్లలో తిరిగాడు, సన్మానాలు చేయించుకున్నాడు. పీపా అన్న పేరు మీద ఆవిడ చాలా ఏళ్ళపాటు మెట్ల మీంచి దొర్లింది, కుర్చీలు విరగ్గొట్టింది, తలుపుల్లో ఇరుక్కుంది. తోసేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాళ్ళు. షాట్ అయ్యాక లేపడానికి చెయ్యి ఇచ్చేవాళ్ళని మాత్రం వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ చెంపదెబ్బ ఉత్తుత్తిది కాదు. దానితో ఆవిడ ఎడమ చెవిలో కర్ణభేరి పగిలిపోయింది. ఈ సంగతి ఇంట్లో ఎవరూ దాచలేదు. కూతురికి ఊహ తెలిసేసరికే అమ్మతో మాట్లాడాలంటే కుడిపక్కకి వెళ్ళడం అలవాటు. ఎవరైనా చెవి గురించి అడిగితే, "అది ముందే రిటైరయిందమ్మా. పెన్షనే ఇంకా రావట్లేదు," అనేది పీపా. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. కూతురికి మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ కొట్టినవాడి మీద, నవ్వినవాళ్ళ మీద, అంత జరిగినా జోకులేసుకుని తిరుగుతున్న అమ్మ మీద.

ఆ కూతురే పెద్దయ్యాక ఒక టీవీ ఛానల్లో ఎడిటరైంది. ఒకరోజు ప్రోగ్రాముల హెడ్డు ఆమెని తన గదికి పిలిచాడు. 'తరతరాల నవ్వు' అని ఒక సీరీస్ చేద్దామన్నాడు. మూకీ సినిమాల కాలం నుంచి ఫోన్లో చూసే ముక్కల కాలం దాకా, ఒక్కో వారం ఒక్కో తరం హాస్యం.

"మీరైతేనే బాగా కుదురుతుంది మేడం. పైగా మీ అమ్మగారే ఉన్నారాయె. ఇంటర్వ్యూకి మనం ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు," అన్నాడు.

పని మొదలుపెట్టాక ఆమెకి నిజంగానే హుషారొచ్చింది. ఏసీ చలికి శాలువా కప్పుకుని ఎడిటింగ్ గదిలో ఒక్కతే కూర్చుని పాత సినిమాలు చూస్తూ పగలబడి నవ్వేది. ఒక మూకీ చిత్రంలో బక్కపలచటి కూలీ ఒకడు గోడకి రంగుకాగితం అంటిస్తూ అంటిస్తూ, మధ్యలో అజమాయిషీ చెయ్యడానికి వచ్చిన ఇంటి ఓనర్ని కూడా కాగితం కింద అంటించేస్తాడు. ఆ తర్వాత ఉబ్బెత్తుగా ఉన్న ఆ గోడని చేత్తో నిమిరి, బాగా రాలేదని తల ఆడిస్తాడు. మాటలొచ్చిన కొత్తల్లో తీసిన ఇంకో సినిమాలో పన్నులు వసూలు చేసే ఆఫీసరు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాడు.

"పన్ను సంగతేం చేశారు?"

"నిన్ననే పీకేశాం."

"ఎవర్నడిగి పీకారు?"

"ఆవిడే వచ్చి పీకమంది. ఏడుస్తుంటే చూడలేకపోయాం."

ఇద్దరూ అదే పట్టుమీద రీలంతా పోట్లాడుకుంటారు. ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. తర్వాత ఒకే ఇల్లు, బోలెడు తలుపులు, ఒకరికి తెలియకుండా ఒకరు దాక్కునే సినిమాలు వచ్చాయి. వాటినీ ఆమె ముచ్చటపడి ప్రోగ్రాములోకి కత్తిరించుకుంది.

రంగుల సినిమాలు వచ్చాక చేతులు లేచాయి. నత్తివాణ్ణి కొడితే నవ్వు. పొట్టివాణ్ణి ఎత్తి కుదేస్తే నవ్వు. బట్టతల కనబడితే చాలు, దాని మీద ఒక చరుపు, ఒక చప్పుడు. లావు మనిషి అయితే ఇక చెప్పక్కర్లేదు. వెతకబోతే ప్రతి రెండో సినిమాలో అమ్మే కనిపించింది. నడుం మీద తన్ను, నెత్తిన కుండ, మొహాన పిండి. వాటి తర్వాతి కాలంలో ఆఫీసుల్లో, ఇరుకు ఫ్లాట్లలో జరిగే నెమ్మది హాస్యాలు వచ్చాయి, జనం పెదవి విప్పకుండా నవ్వుకునే రకం. కానీ ఎడిటర్ మనసు అక్కడిదాకా వెళ్ళలేదు. రంగుల కాలం దగ్గరే ఆగిపోయి, రోజంతా మొహం మాడ్చుకుని తిరిగింది.

అదే వారం హెడ్డు ఆమె వెనక నిలబడి స్క్రీను చూస్తూ అన్నాడు: "ఇక్కడ మనం దెబ్బలన్నీ వరసపెట్టి ఒక మాంటేజ్ వేద్దాం. టపాటపా టపాటపా. చివర్లో అమ్మగారి చెంపదెబ్బ. మూడుసార్లు రిపీట్ చెయ్యండి. మూడోసారి స్లో మోషన్, ఢాం అని సౌండు."

"ఆవిడ చెవి పోయింది దానితో."

"అయ్యయ్యో, నిజమా?" అని ఒక్క క్షణం ఆగాడు. "అదీ కింద స్క్రోలింగ్‌లో వేద్దాం. మంచి సమాచారం."

 అతను వెళ్ళాక ఆమె ఆ సీను మొత్తాన్ని ఎపిసోడ్‌లోంచి తీసి పారేసింది. తర్వాత హెడ్డుకి ఏ సమాధానం చెప్పాలో ఆలోచించలేదు. కంప్యూటర్ మూసి తిన్నగా ఇంటికెళ్ళింది.

పీపా వరండాలో కుర్చీ వేసుకుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. కూతురు కుడిపక్కన కూర్చుంది.

"అమ్మా, నీ చెంపదెబ్బ తీసేశాను. మా ప్రోగ్రాంలో రాదు."

పీపా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఎవర్నడిగి తీశావు?"

"అడిగేదేంటమ్మా? ఇంకా ఎన్నేళ్ళు చూపిస్తారు? నిన్ను కొడుతుంటే వీళ్ళంతా నవ్వడం..."

"నన్ను కొట్టినందుకు నవ్వారని నీకెవరు చెప్పారు?"

"చూస్తే తెలీదా?"

"నువ్వు చూశావా?" పీపా గొంతు లేచింది. "ఎప్పుడు చూశావే? దెబ్బ పడగానే లేచి పోతావు. ఇంతప్పట్నుంచి అంతే. మీ అమ్మ చేసిన మొత్తం పనిలో గొప్పగా చెప్పుకోవడానికి ఏదైనా ఉందంటే అదొక్కటి. చెవి పోయింది నాది. సీను నాది. తీసి అవతల పారేయడానికి నువ్వెవరు?"

ఎడిటర్ బిత్తరపోయింది. ఆవిడ ఇలా అరవడం ఆమె ఎన్నడూ ఎరగదు. తనకి మెచ్చుకోలు దొరుకుతుందనుకుని వచ్చింది. పీపా తువ్వాలు విసిరికొట్టి లోపలికి నడిచింది.

"రా. ఆ పెట్టె తెరిచి ఆ సినిమా పెట్టు. ఈసారి లేచావంటే కాళ్ళు విరగ్గొడతాను."

ఎడిటర్ లాప్‌టాప్ బల్ల మీద పెట్టి సినిమా తెరిచింది. ట్రే జారింది. కాఫీ పడింది. దొర చెయ్యి లేచింది. ఆమె అలవాటుగా కళ్ళు మూసుకోబోయింది. తల్లి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

దెబ్బ పడింది. షాట్ కట్ కాలేదు. తెర మీద లావుపాటి పనిమనిషి గడియారం లోలకంలా ఒకసారి ఊగి నిలదొక్కుకుంది. ఎడమపక్కన నిలబడ్డ యజమాని, "క్షమాపణ చెప్పవే దున్నపోతా!" అని గర్జించాడు. ఆమె ఎంతో భక్తిగా రెండోవైపుకి తిరిగింది. అటు కోటు స్టాండు ఉంది. దానికో నల్లకోటు, పైన ఒక టోపీ. ఆమె ఆ కోటు ముందు నడుం వంచి, "తప్పయిపోయింది అయ్యగారూ," అంది. యజమాని నోరు తెరిచాడు. ఆమె కోటు కాలరు సర్దింది. భుజం మీద లేని దుమ్ము దులిపింది. ఒక్క అడుగు వెనక్కి వేసి ఎగాదిగా చూసి, "ఇవాళ కాస్త ఒళ్ళు చేసినట్టున్నారు," అంది. ఖాళీ స్లీవు పట్టుకుని మెల్లిగా ఊపి, సెలవు తీసుకుని బయటికి నడిచిపోయింది. అసలు యజమాని కాఫీ బూట్లతో అలాగే నిలబడిపోయాడు. ఆ బంగళాలో ఆయన ఉన్నా లేకపోయినా ఒకటే.

ఎడిటర్ నవ్వేసింది. నవ్వాక తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇంకోసారి నవ్వొచ్చింది.

"ఇదెప్పుడూ చూళ్ళేదమ్మా నేను."

"ఎలా చూస్తావు? నువ్వు లేచిపోతావు. టీవీలవాళ్ళేమో దెబ్బ పడగానే కోసి సబ్బు ప్రకటన వేస్తారు. ఫోన్లలో అదీ లేదు, ఛెళ్ మని ఆగిపోతుంది."

"దర్శకుడు చెప్పాడా, కోటు సంగతి?"

పీపా లాప్‌టాప్ మూత దించింది. తర్వాత చెప్పింది.

"షాట్‌కి ముందే ఆ దొరని బతిమాలాను. నిజంగా కొట్టకండి, చెయ్యి దగ్గరికి రాగానే నేనే మొహం తిప్పేస్తాను, చప్పుడు తర్వాత కలుపుకుంటారు అని. సరేనమ్మా అన్నాడు. కెమెరా తిరిగింది, లాగి కొట్టాడు. లోపల పటుక్కుమంది. గదంతా గిర్రున తిరిగింది. ఆయన క్షమాపణ చెప్పవే అని అరుస్తున్నాడు. ఆ గొంతు నాకు కుడివైపు నుంచి వస్తోంది. ఎడమది పోయాక ఇక ఏ చప్పుడైనా కుడివైపేగా? అందుకని అటు తిరిగాను. తిరిగి చూస్తే మనిషి లేడు, కోటుంది."

"అంటే నిజంగానే పొరబడ్డావా?"

"పొరబడ్డాను. ఆ క్షణంలోనే తెలిసింది పొరపాటని. అక్కడ ఆగిపోతే ఇంకో టేక్ అంటారు. ఇంకో టేక్ అంటే ఇంకో దెబ్బ. చచ్చినా ఇంకో దెబ్బ తినకూడదనుకున్నాను. అందుకని ఆ కోటుకే వంగాను. వంగాక తోచింది, ఈ కోటుకీ ఆ మనిషికీ తేడా ఏముంది అని. ఆ తర్వాత చేసిందంతా కావాలనే చేశాను. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఆపుకోలేక నవ్వారు. మధ్యాహ్నం ఇంకో సీను కూడా చేశాను, చెవిలో దూది పెట్టుకుని."

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితేగా! ఎప్పుడూ చెవి కథే అడిగావు. నన్ను చూసి జాలిపడటం తప్ప ఏం చేశావు? నేను దెబ్బలు తినడానికి పుట్టినట్టు. నేను నటినే." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని చూసి ఆవిడకి మరింత కోపం వచ్చింది. "సరే, నీకు తెలీదు. ఆ దొరకి తెలుసుగా? ఎక్కడ మైకు దొరికినా ఏమంటాడో తెలుసా? కోటుకి వంగమని నేనే నేర్పాను, పీపాకి అంత తెలివెక్కడిది, అంటాడు. చెవి పగలగొట్టాడు, పోనీ, చేతికి అదుపు లేదనుకుంటాను. నా కోటుని ఎలా పట్టుకుపోతాడు?"

మర్నాడు ఎడిటర్ ఆ సీనుని తీసిన చోటే మళ్ళీ పెట్టింది, కోటు దాకా, గుమ్మం దాటే దాకా. మాంటేజ్ తర్వాత చూద్దాంలెమ్మని హెడ్డుకి చెప్పి తప్పించుకుంది. దొరనీ పీపానీ ఒకేచోట కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేద్దామని మాత్రం గట్టిగా పట్టుబట్టింది. హెడ్డు ఎగిరి గంతేశాడు.

రికార్డింగ్ పొద్దున్నే పెట్టారు. స్టూడియోలో రెండు సోఫాలు, మధ్యలో యాంకర్ పిల్ల, ఎదురుగా కెమెరాలు. ఎడిటర్ మానిటర్ వెనక నిలబడింది. దొర పెద్దవాడైపోయాడు గానీ గొంతు తగ్గలేదు. వస్తూనే పీపా భుజం తట్టాడు.

"ఏమ్మా పీపా! తగ్గావే! పీపా కాస్తా చెంబయిపోయావు!"

యాంకర్ పడిపడి నవ్వింది. పీపా నవ్వలేదు. ఆయనకి ఎడమపక్క సోఫాలో కూర్చుంది, కుడి చెవి ఆయన వైపు ఉండేలా.

యాంకర్ అడగాల్సినవి అడిగింది. దొర తను ఎంత కష్టపడ్డాడో చెప్పాడు, ఇప్పటివాళ్ళకి హాస్యం రాదని చెప్పాడు. తర్వాత చెంపదెబ్బ సీను మాటొచ్చింది.

"నిజంగా కొడితేనే నవ్వు వస్తుందమ్మా," అన్నాడు దొర. "పంజా పడాల్సిందే. పులిహాస్యం అంటాన్నేను దాన్ని. ఇక కోటు సంగతంటావా, అదీ నా బుర్రలోదే. ఈవిడకి నేనే దగ్గరుండి నేర్పాను. ఏమ్మా, అవునా కాదా?"

మానిటర్ వెనక ఎడిటర్ ఒక అడుగు ముందుకి వేసింది. అమ్మ ఇప్పుడు అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

పీపా చాలా మర్యాదగా అంది: "అవును దొరగారూ. కానీ పెద్దదాన్నయిపోయాను కదా, మర్చిపోయాను. ఆ రోజు నేర్పినట్టే ఇంకోసారి నేర్పండి. ఈ పిల్లలు కూడా చూస్తారు."

దొర ఉబ్బిపోయి లేచాడు. పక్కనే ఒక లైటు స్టాండు ఉంది, దానికి కెమెరామన్ తన జాకెట్ తగిలించుకున్నాడు. దొర దాని ముందుకి వెళ్ళి కళ్ళు గుండ్రంగా తిప్పాడు. నాలుక బయటపెట్టాడు. మోకాళ్ళు వణికించాడు. "తప్పయిపోయింది అయ్యగారూ!" అని గొంతు మార్చి కీచుమన్నాడు. జాకెట్‌ని పట్టుకుని గుంజాడు. యాంకర్ జీతానికి తగ్గట్టు నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. 

"ఇలాగన్నమాట," అన్నాడు దొర, ఆయాసపడుతూ.

"ఆహా. ఇప్పుడు నన్ను చెయ్యనివ్వండి. మీరక్కడే నిలబడండి. కొట్టక్కర్లేదు. నోటితో అరవండి చాలు."

దొరకి అరవక తప్పలేదు. "క్షమాపణ చెప్పవే!" అన్నాడు.

పీపా ఒకసారి ఊగి, నిలబడి, ఎంతో గౌరవంగా అవతలివైపుకి తిరిగింది. ఏ వికారమూ లేదు. పొద్దున్నే ఆఫీసుకొచ్చిన గుమాస్తా ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధ. జాకెట్ ముందు వంగి తప్పు ఒప్పుకుంది. కాలరు సర్దబోయి, జాకెట్ జేబులోంచి తొంగిచూస్తున్న బిస్కెట్ ప్యాకెట్ చూసింది. దాన్ని వేలితో లోపలికి తోసి, ఎవరికీ చెప్పనులెండి అన్నట్టు జాకెట్ భుజం తట్టింది.

ముందుగా పేలింది కెమెరామనే. అతని నవ్వుకి కెమెరా కదిలి ఫ్రేము ఊగింది. యాంకర్ ఈసారి చేతిలోని ప్రశ్నల కార్డులు జారవిడుచుకుని నవ్వింది. లైటు దగ్గరివాళ్ళు గోడకి ఆనుకుపోయారు. దొర కూడా, తనకి తెలియకుండానే, హహ్హ అన్నాడు. అని, చటుక్కున నోరు మూసుకున్నాడు.

పీపా ఆయన వైపు తిరిగింది. అప్పటిదాకా పట్టి ఉంచిన మర్యాదంతా ఆ మొహంలోంచి జారిపోయింది.

"చూశారా దొరగారూ? దెబ్బ లేకుండానే నవ్వారు. మీరూ నవ్వారు. ఆ రోజు నేను చెప్పింది ఇదే. చప్పుడు తర్వాత కలుపుకోవచ్చు, కొట్టకండి అన్నాను. మీరు వినలేదు. మీకు రెండు చెవులూ ఉండి వినలేదు. నాకు నవ్వించడం మీరు నేర్పలేదు. నాకు చెవుడు ఇచ్చారు, అంతే. దానికి క్షమాపణ అడగను. మీ చేత చెప్పించుకోవడం కంటే ఆ కోటు చేత చెప్పించుకోవడం సులువు. కానీ కోటు నాది. ఇంకోసారి మీదని చెప్పకండి."

దొర మైకు తీసి సోఫా మీద పడేసి వెళ్ళిపోయాడు. ఎడిటర్ పరుగెత్తుకెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది.  "నీళ్ళివ్వండి," అంది పీపా. "ఏడిసినట్టుంది మీ స్టూడియో, ఇంత చలా?"

రెండు రోజుల తర్వాత హెడ్డు ఎడిటర్ గదికి వచ్చి తలుపు దగ్గరకి వేశాడు.

"చాలా బాగుంది మేడం. ప్రాణం పెట్టారు ఆవిడ. కానీ వెయ్యలేం."

"ఎందుకని?"

"దొరగారు పై వాళ్ళకి ఫోన్ చేశారు."

"ఆయనా నవ్వాడు. ఫుటేజీలో ఉంది."

"అదే ఆయన బాధ. కోటు నేనే నేర్పాను అన్నంతవరకూ ఉంచండి. అక్కణ్ణుంచి పాత క్లిప్పు, దెబ్బ పడగానే కట్, మాంటేజ్‌లోకి వెళ్ళిపోదాం."

"అబద్ధం ఉంచి నిజం తీసెయ్యమంటున్నారు."

"ఇది నవ్వుల ప్రోగ్రామండీ. కోర్టు కాదు."

"నవ్వుల ప్రోగ్రాం కాబట్టే అడుగుతున్నాను," ఆమె గొంతు గది దాటి వరండాలోకి వెళ్ళింది. "నవ్వు వచ్చిన ముక్క తీసి, రాని ముక్క ఉంచమంటున్నారు. ఎవడికైనా చూపించండి, ఏ పిల్లాడికైనా చూపించండి, ఏది బాగుందో చెప్తాడు. మీకు దెబ్బ కావాలి. ముసలావిడ తెలివి అక్కర్లేదు. తరతరాల నవ్వు అని పేరెందుకు? తరతరాల చెంపదెబ్బలు అని పెట్టుకోండి."

"అరవకండి మేడం. మీరు చెయ్యకపోతే గ్రాఫిక్స్ అబ్బాయి చేస్తాడు."

"చేయించుకోండి. నా చేత్తో మా అమ్మని రెండోసారి కోయను."

ఆమె బ్యాగ్ సర్దుకుని వచ్చేసింది. ఆ ఆదివారం ఎపిసోడ్ వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరూ చూశారు. కోటు నా బుర్రలోదే అన్నాడు దొర. పీపా, "అవును దొరగారూ," అంది. ఆ మాట దగ్గరే కోశారు. వెంటనే చెంపదెబ్బ, మూడుసార్లు, మూడోసారి నెమ్మదిగా, ఢాం అని చప్పుడుతో.

పీపా రిమోట్ అందుకుని టీవీ కట్టేసింది. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి.

"నా 'అవును'ని వాడుకున్నారు. వెధవలు. ఎంత పని చేశారు!"

"అందుకే మానేశానమ్మా."

"అదే అంటున్నాను, ఎవర్నడిగి మానేశావు?" ఆవిడ కూతురి మీద విరుచుకుపడింది. "ఎప్పుడు చూడూ లేచి రావడమేనా? లోపల కూర్చుని వాడి ప్రాణం తియ్యాల్సింది. రోజూ అడగాల్సింది. బయటికొచ్చి సోఫాలో కూర్చుంటే ఎవడికి నొప్పి?"

"లోపలుంటే ఆ కత్తిరింపు నేనే చెయ్యాలి!"

"చెయ్యనని కుర్చీలో కూర్చుని చెప్పొచ్చుగా! తొయ్యమను, వాళ్ళే తోస్తే అప్పుడు రా!"

ఇద్దరూ గొంతు చించుకుని అరుచుకున్నారు. పక్కింటివాళ్ళు కిటికీ వేసుకున్నారు. ఆ రాత్రి ఎవరి ప్లేటు వాళ్ళు కడుక్కున్నారు. ఎడిటర్‌కి నిద్ర పట్టేదాకా ఒకటే అనిపించింది: అమ్మ అన్నదాంట్లో సగం నిజముంది. మిగతా సగం నిజం కాదు. ఏ సగం ఏదో మాత్రం తేలలేదు. కొన్నాళ్ళకి ఆమె ఒక చిన్న డాక్యుమెంటరీ కంపెనీలో చేరింది. అక్కడి ఎడిటింగ్ గదిలో ఏసీ లేదు, పై నుంచి ఫోన్ చేసే దొరలూ లేరు. దొర మాత్రం ఇంకో ఛానల్లో ఇంకో సోఫాలో కూర్చుని అదే కోటు కథ చెప్పాడు. అది విని పీపా పళ్ళు నూరింది. ఆ కోపం తగ్గలేదు. తగ్గాల్సిన అవసరం కూడా ఆవిడకి కనిపించలేదు.

స్టూడియోలో ఆ రోజు నవ్విన కెమెరామన్ ఊరుకోలేదు. ఎవరు దొరికితే వాళ్ళకి ఆ జాకెట్ సంగతి చెప్పుకుంటూ తిరిగాడు. అది విని ఒక కొత్త దర్శకురాలు పీపాకి ఫోన్ చేసింది. మొదటి సినిమా తీస్తోందట. హాస్యమేనట. కాంట్రాక్టరు ఒకడు వీధిలో కొత్తగా సిమెంటు పోస్తాడు. ప్రారంభోత్సవానికి పెద్దమనుషులు బయల్దేరి వస్తుంటారు. ఆ వీధిలో ఉండే ముసలావిడ ఆ తడి సిమెంటులో ఇరుక్కుంటుంది. ఆవిడ్ని కదిలించలేక, ఆవిడ చుట్టూతానే ప్రారంభోత్సవం కానిచ్చేస్తారు.

"ఎలా ఇరుక్కుంటాను?" అని అడిగింది పీపా.

"కాంట్రాక్టరు మనిషి తోస్తాడండీ."

"అయితే నేను రాను."

 పీపా ఫోన్ కుడి చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"విను తల్లీ. వాడు తోస్తే ముసలావిడ పాపం అనుకుంటారు జనం. నేనే నడిచి వెళ్తాను. ఇక్కడ అడుగు పెట్టకూడదు అని వాడు బోర్డు పాతుతుంటే, ఆ బోర్డు మీద ఏముందో చదవడానికి దగ్గరగా వెళ్తాను. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదువుతాను. చదివి, అవును పెట్టకూడదు అని ఒప్పుకుంటాను. అప్పటికే మోకాలిదాకా దిగిపోయి ఉంటాను. ఇలాగైతే వస్తాను. ఒంటి మీద చెయ్యి పడితే మాత్రం అదే చెయ్యి పట్టుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్తాను."

దర్శకురాలు నవ్వుతోందో రాసుకుంటోందో తెలియలేదు. సరేనండీ అంది.

షూటింగ్ రోజున ఎడిటర్ సెలవు పెట్టి తల్లితో వెళ్ళింది. ఒక వీధిని తాడు కట్టి ఆపేశారు. మధ్యలో గుంట తవ్వి, అందులో ఏదో బూడిదరంగు పిండి కలిపి పోశారు. పీపా చెప్పులు విప్పి గుంట అంచున కూర్చుని అందులో మణికట్టుదాకా చెయ్యి ముంచింది. ఆర్ట్ డైరెక్టర్ని పిలిచింది.

"ఇది సిమెంటా, గంజా? ఇందులో ఎవరైనా ఇరుక్కుంటారా? నేను కాలు పైకి లాగితే రాకూడదు. నిజంగా రాకూడదు. వస్తుంటే రానట్టు నటించడం నాకు చేతనవును, కానీ కాలికి చేతకాదు."

"చిక్కగా ఉంటే మీకు కష్టమవుతుందని, అమ్మగారూ..."

"నా కష్టం సంగతి నన్నడగకుండా నువ్వే తేల్చేశావా? బాగుందయ్యా! ఇన్నేళ్ళు అడగకుండా కొట్టారు, ఇప్పుడు అడగకుండా జాలిపడుతున్నారు. తీసెయ్, ఇదంతా తోడి పారెయ్. మళ్ళీ కలుపు. నేను వేలు పెట్టి చూసేదాకా కెమెరా ఎత్తడానికి వీల్లేదు."

అందరూ దర్శకురాలి వైపు చూశారు. ఆమె కుర్చీ తెచ్చుకుని పీపాకి కుడిపక్కన వేసుకుంది. నలుగురు మనుషులు బకెట్లు పట్టుకుని గుంటలోకి దిగారు. ఎండ ఎక్కుతోంది. పీపా చేతికంటిన పిండిని రాయికేసి రాస్తూ, వాళ్ళు తోడుతున్న తీరు కూడా బాగాలేదని కేకలేస్తోంది.